షేర్‌పాయింట్ సార్వభౌముల వారికి శతకోటి దండాలు

మహారాజరాజశ్రీ షేర్‌పాయింట్ సార్వభౌముల వారి దివ్యసముఖానికి, తమ కొలువులోని వెబ్ సర్వీసులను పిలిచి పిలిచి జన్మ ధన్యం చేసుకున్న ప్రోగ్రామర్లందరి పక్షాన చేసుకునే విన్నపం.

2001లో అవతరించింది మొదలు ఆఫీసుల్లోని ఫైళ్లను, జాబితాలను, సెలవు చీటీలను, అనుమతి పత్రాలను తమ గర్భంలో దాచుకుని, లోపలికి చేరిన సమాచారానికి బయటి గాలి సోకకుండా కాపాడుతున్న శరణాగతవత్సలులు తమరు. ఒకే ఆఫీసులో పక్కపక్కనే ఉండే రెండు సాఫ్ట్‌వేర్లు పలకరించుకోవాలన్నా ముందు తగినంత తపస్సు చేయించే ధర్మమూర్తులు తమరు. అల్పజాతి సాఫ్ట్‌వేర్లు అడిగిందే తడవుగా జవాబిచ్చి అడిగినవాణ్ణి సోమరిని చేస్తాయి. తమరు ఏనాడూ అంతటి పాపానికి ఒడిగట్టలేదు.

తమ పితృభక్తిని ఏమని పొగడగలం! వెబ్ పేజీలు కట్టే ఫ్రంట్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన వర్మీర్ టెక్నాలజీస్ అనే చిన్న కంపెనీని తమ జన్మదాత మైక్రోసాఫ్ట్ 1996లో కొనుక్కుంది. ఆ కంపెనీ పేరు తాలూకు 'వీటీఐ' అనే మూడక్షరాలు తమ పాత సోప్ సర్వీసుల ప్రతి చిరునామాలోనూ 'వీటీఐ బిన్' అని నేటికీ వెలుగుతున్నాయి. కన్నవారి తద్దినాలే మరిచిపోతున్న ఈ కాలంలో, ఎవరికీ గుర్తులేని ఒక కంపెనీకి ఒక్కో కాల్‌తో ఒక్కో తర్పణం విడిపిస్తున్న పుణ్యం తమరికే చెల్లింది.

ఇక సత్యసంధతలో హరిశ్చంద్రుడు తమ ముందు శిష్యుడు. జాబితాలో ఒక కాలమ్‌కు తొందరపాటున ఏదో పేరు పెట్టి, తర్వాత తెలివి తెచ్చుకుని మార్చామా, తెరమీద కొత్త పేరు దయచేస్తారు. వెబ్ సర్వీసుకు మాత్రం పుట్టినప్పటి పేరుతోనే పలుకుతారు. రెండు మాటల నడుమ ఖాళీ వదిలితే ఆ శూన్యాన్ని కూడా వృథా పోనివ్వక 'ఎక్స్ 0020' అనే బిరుదుతో అలంకరిస్తారు. ఆ పైన తెలుగు మీద తమకున్న మమకారం తలచుకుంటే కళ్లు చెమర్చక మానవు. ఒక్కొక్క తెలుగు గుర్తును ఏడేసి ఇంగ్లిష్ గుర్తులుగా విస్తరించి గౌరవిస్తారు, ఆ గౌరవం మితిమీరకుండా ఆ పుట్టినప్పటి పేరును 32 గుర్తుల దగ్గర కత్తిరిస్తారు. 'ఆమోదం తేదీ' అని పెట్టుకున్న కాలమ్‌కు 'ఆమోద' దాకా పూర్తిగానూ, ఆపైన సున్నలో సగమూ ప్రసాదంగా దక్కుతాయి. ఆ సగం సున్నను అక్షరం పొల్లుపోకుండా కోడ్‌లో రాసుకోవడం గచ్చిబౌలి ప్రోగ్రామర్‌కు ఏకాగ్రత నేర్పే గొప్ప సాధన.

దానంలో తమ వివేకం మరీ మెచ్చదగినది. 3 కోట్ల వస్తువులను ఒక్క జాబితాలో ఇముడ్చుకోగల విశాలహృదయులై ఉండి కూడా, ఒక్క ప్రశ్న 5,000 దాటి తడిమితే చాలు, హద్దు మీరావని ఆపేస్తారు. రెస్ట్ అనే పద్ధతిలో అడిగినవాడు ఎన్ని కావాలో చెప్పకపోతే మొదటి 100 మాత్రమే అనుగ్రహించి, ఇంకా ఉన్నాయన్న సంగతిని జవాబు అట్టడుగున ఒక లంకెగా అణకువతో ఉంచుతారు. దాన్ని చూడని భక్తుడు 100తోనే లెక్కలు కట్టి, నివేదిక పంపి, నిశ్చింతగా నిద్రపోతాడు. ఇంతటి మనశ్శాంతిని ఇంకెవరు ఇవ్వగలరు?

ఇన్ని గుణాలలోనూ శిరోమణి తమ మౌనం. దక్షిణామూర్తి మౌనంతోనే శిష్యుల సందేహాలు తీర్చాడంటారు. తమరు ఆ సంప్రదాయాన్ని సర్వర్లలోకి తెచ్చిన జగద్గురువులు. సోప్ కాల్‌లో ఎక్కడో చిన్న దోషం దొర్లితే తమరు పంపే సందేశం ఒక్కటే: సోప్ సర్వర్ ఎక్సెప్షన్ అనే రకం ఎక్సెప్షన్ వచ్చింది. జాబితా పేరు తప్పా, ప్రశ్న కూర్పు తప్పా, ఇంకేదైనా తప్పా అని ఆ సందేశంలో వెతికేవాడు అజ్ఞాని. దోషం వచ్చింది, అది దోషమనే రకానికి చెందింది. ఇంతకుమించిన అద్వైతం మనం ఎరగం. తెరమీదనైతే ఇంకా ఉదారులై, ఏదో పొరపాటు జరిగింది క్షమించమని పలికి, ఉపదేశంగా 32 అక్షరాల కోరిలేషన్ ఐడీ ప్రసాదిస్తారు. ఆ మంత్రానికి అర్థం సర్వర్ లాగుల్లో ఉంటుంది. ఆ లాగులు చూసే అర్హత అడ్మిన్‌కు ఉంటుంది. అడ్మిన్ సెలవులో ఉంటాడు. ఆ ఎడబాటులోనే కదా భక్తి పండేది!

పాతివ్రత్యం సంగతీ చెప్పుకోవాలి. ఉద్యోగి తన గుర్తింపుతో తమ గుమ్మంలోకి వస్తాడు. అతని తరఫున మరో సర్వర్‌లోని వెబ్ సర్వీసును తమరు పిలవాలి. ఎన్‌టీఎల్ఎమ్ అనే లాగిన్ పద్ధతిలో ఆ గుర్తింపును రెండో గడప దాటించరు. దాటించాలంటే కెర్బరోస్ డెలిగేషన్ వ్రతం పట్టాలి, సర్వీస్ ప్రిన్సిపల్ పేర్లు తప్పులేకుండా నమోదు చేయించాలి. అందాకా అనుమతి లేదని చెప్పే 401 అనే మంగళాశాసనం దొరుకుతూనే ఉంటుంది.

2013లో తమరికి జాలి కలిగింది. కోడ్ రాయని సామాన్యుడు కూడా వర్క్‌ఫ్లో నుంచే వెబ్ సర్వీసును పిలుచుకునేలా షేర్‌పాయింట్ డిజైనర్‌లో 'కాల్ హెచ్‌టీటీపీ వెబ్ సర్వీస్' అనే యాక్షన్‌ను కరుణించారు. జనం నమ్మారు. సెలవు మంజూరు నుంచి కొనుగోలు ఆర్డర్ల దాకా దానిమీదే కట్టుకున్నారు. భక్తులు ఒకేచోట పాతుకుపోతే వైరాగ్యం అలవడదని గ్రహించిన తమరు షేర్‌పాయింట్ ఆన్‌లైన్‌లో 2010 తరహా వర్క్‌ఫ్లోలను 2020 నవంబర్ 1న విశ్రమింపజేశారు, 2013 తరహా వాటికి 2026 ఏప్రిల్ 2ను ముహూర్తంగా పెట్టారు. ఆ డిజైనర్‌కు 2013 తర్వాత కొత్త వెర్షన్ అనే బెడదే లేకుండా చూశారు.

కనుక భక్తజనులారా, ఆలస్యం చేయకండి. స్వామివారు చూపిన కొత్త క్షేత్రం పవర్ ఆటోమేట్. పాత వర్క్‌ఫ్లోలన్నీ అక్కడికి మోసుకెళ్లండి, దక్షిణ మాత్రం మరవకండి: బయటి వెబ్ సర్వీసును పిలిచే హెచ్‌టీటీపీ కనెక్టర్‌కు అక్కడ ప్రీమియం లైసెన్సు ఉండాలి.