ఒర్రితేనే గొంతు ఎల్తదా?

బిచ్కుంద దిక్కు బడులకు తెలుగు చెప్పడానికి కొత్తగా వచ్చిన సారుకో మేడంకో కొద్ది వారాల్లోనే గొంతు బొంగురుపోతుంది. తోటివాళ్లు సలహాలు చెబుతారు. ప్రేమతోనే చెబుతారు, తమకు పెద్దలు చెప్పిందే చెబుతారు. కానీ వాటిలో చాలా మటుకు గొంతును పోగొట్టే సలహాలు. ఎవరూ అచ్చు వేయకపోయినా ప్రతి స్టాఫ్‌రూంలోనూ నోటికి వచ్చిన ఆ సలహాల పుస్తకాన్ని విప్పి, ఏది ఎందుకు పనికిరాదో చెప్పాలని ఇది రాస్తున్నాను.

"ఒర్రు సార్. ఒర్రంగ ఒర్రంగ గొంతు అదే గట్టిపడతది."

ముందు దీని సంగతి చూడాలి, తక్కినవి చాలా వరకు దీని నుంచే పుట్టాయి. మన గొంతులో స్వరతంత్రులు రెండు. మాట్లాడేటప్పుడు అవి మగవాళ్లలో సెకనుకు సుమారు 100 నుంచి 130 సార్లు, ఆడవాళ్లలో సుమారు 200 సార్లు ఒకదానికొకటి తగులుతాయి. ఒర్రినప్పుడు ఆ తగలడం దెబ్బ అవుతుంది. రోజూ పార పట్టిన చేతికి కాయలు కాసినట్టే తంత్రుల అంచుల్లో కాయలు కాస్తాయి. డాక్టర్లు నాడ్యూల్స్ అనేవి అవే. చేతికి కాయ కాస్తే పని సులువవుతుంది. తంత్రికి కాస్తే రెండు అంచులూ సరిగా కలవవు, గాలి జారిపోతుంది, గొంతు గరగరలాడుతుంది. మాట వినపడటం లేదని మనం ఇంకా బలం పెడతాం, కాయ ఇంకా పెరుగుతుంది.

ఒకే పాఠం ఒకే సేపు చెప్పినా మేడం గొంతులో తంత్రులు సారు గొంతులో కంటే ఎన్నో వేల సార్లు ఎక్కువ తగులుతాయి. "మగోళ్ల లెక్క గట్టిగ చెప్పు" అని ఆడటీచరుకు చెప్పడం అందుకే మరీ అన్యాయం. అమెరికాలోని అయోవా, యూటా రాష్ట్రాల్లో నెల్సన్ రాయ్ బృందం చేసి 2004లో ప్రచురించిన సర్వేలో, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గొంతు సమస్య వచ్చిందన్న టీచర్లు 57.7 శాతం. వేరే పనులు చేసుకునేవాళ్లలో అది 28.8 శాతం. మాట్లాడిన కొద్దీ గొంతు గట్టిపడేదే అయితే ఈ లెక్క తిరగబడి ఉండాలి.

"పిల్లల లొల్లి కంటె మన గొంతు పైన ఉండాలె."

చుట్టూ చప్పుడు ఉంటే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడని ఎతియెన్ లోంబార్ అనే ఫ్రెంచి డాక్టరు 1911లోనే రాశాడు. ఆ గుణం సారుకు ఎంత ఉందో బెంచీ మీది పిల్లవాడికీ అంతే ఉంది. మనం పెంచితే వాళ్లు పెంచుతారు, పక్క తరగతి సారు కూడా పెంచుతాడు. రేకుల కప్పు మీద వాన మొదలైతే ఇక ఎంత ఒర్రినా మూడో వరుస దాటదు. ఆ పది నిమిషాలూ రాత పని ఇవ్వండి, చూచిరాత అయినా సరే. లొల్లి ఆపాలంటే గొంతు వద్దు. బల్ల మీద రెండు దెబ్బలు, ఎత్తిన చేయి, లేదా ఊరికే నిలబడి చూడటం. మొదటి రోజుల్లో నిమిషం పడుతుంది, తర్వాత పిల్లలకు అలవాటవుతుంది. బోర్డు మీద రాస్తూ గోడకు పాఠం చెప్పే అలవాటు కూడా మానాలి. గోడ వైపు పోయిన మాటను వెనక బెంచీకి చేర్చడానికి రెండింతలు బలం పెడుతున్నాం, పైగా సుద్దపొడి పీలుస్తూ.

"సమజ్ కాకుంటె ఇంక గట్టిగ చెప్పాలె."

మన దిక్కు తెలుగు సారుకు ఇదే అన్నిటికంటే పెద్ద గండం. మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులు దగ్గర. బిచ్కుంద, మద్నూర్, జుక్కల్ బడుల్లో ఒకే తరగతిలో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు, మరాఠీ పిల్లలు, కన్నడం పిల్లలు, ఉర్దూ పిల్లలు కలిసి కూర్చుంటారు. 2018లో వచ్చిన చట్టంతో తెలంగాణలో ఏ సిలబస్ బడైనా తెలుగు చెప్పి తీరాలి. మంచిదే. కానీ ఇంట్లో తెలుగు లేని పిల్లకు తెలుగు నేర్పే భారం చివరికి పడేది సారు గొంతు మీద. ఒక మాటను పదిసార్లు పలకాల్సిన చోట పదిసార్లూ అరిచి పలుకుతాం.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూడండి. మరాఠీ లిపిలో హ్రస్వ ఎ, హ్రస్వ ఒ లకు వేరే అక్షరాలు లేవు. మరాఠీ ఇంటి పిల్ల 'మెడ'ను 'మేడ' అని, 'కొన'ను 'కోన' అని చదువుతుంది. సారు దిద్దబోయి గొంతెత్తి "మెడ!" అంటాడు. గట్టిగా అరిచినప్పుడు ఎవరి నోట్లోనైనా అచ్చు సాగుతుంది. పిల్ల చెవికి వినపడేది మళ్లీ 'మేడ'నే. ఆమె తాను విన్నదే తిరిగి చెబుతుంది, సారు ఇంకా గట్టిగా అరుస్తాడు. ఇద్దరి తప్పూ కాదు, సలహాదే తప్పు. అదే మాటను దగ్గరికి పోయి మెల్లగా పలికితే పొట్టి పొడుగు తేడా దానంతట అదే తెలుస్తుంది. 'మెడ'కు ఒక చిటిక, 'మేడ'కు చేయి అడ్డంగా సాచడం. నాలుగు రోజుల తర్వాత సారు చేయి ఊపితే చాలు, పిల్లలే పలుకుతారు.

ఇంకొకటి. ఉర్దూ పిల్లలకు ణ, ళ కష్టం, వాళ్ల మాటలో ఆ ధ్వనులు లేవు. మరాఠీలోనూ కన్నడంలోనూ ఉన్నాయి. 'కళ్ళు', 'నీళ్ళు' పలికించే పని ఆ మరాఠీ పిల్లకే అప్పజెప్పండి. నిన్న 'మెడ' దగ్గర తలదించుకున్న పిల్ల ఇవాళ తోటివాళ్లకు నేర్పుతుంది. ఆ సేపు సారు గొంతుకు సెలవు.

"పద్యం అంటె ఒక్క గుక్కల రాగం తియ్యాలె."

నాటకాల పద్యాలు విని పెరిగిన వాళ్లకు ఈ ఆశ ఉండటం సహజం, నాకూ ఆ రాగమంటే ప్రాణం. కానీ రంగస్థలం మీద పాడే నటుడు సాధన చేసి, తన శ్రుతి తెలుసుకొని పాడతాడు. సారు మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే, అప్పటికే నాలుగు పీరియడ్లు మాట్లాడి పాడతాడు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21. మాట ముగిసిన చోట ఊపిరి తీసుకుంటే పద్యం చెడదు, పైగా పిల్లలకు పదం ఎక్కడ విరిగిందో తెలుస్తుంది. అంతకంటే ముఖ్యం, పిల్లల శ్రుతిలో పాడకూడదు. వాళ్ల గొంతులు మనకంటే పైన ఉంటాయి, వాళ్లను అందుకోబోతే రెండు పద్యాలకే మెడ నరాలు తేలతాయి. మీ మామూలు మాట ఏ ఎత్తులో ఉందో అక్కడే ఎత్తుకోండి.

ఇక మందులు. మిరియాలు నమలమనేవాళ్లు, కరక్కాయ బుగ్గన పెట్టుకోమనేవాళ్లు, మెంథాల్ బిళ్లలు జేబులో ఉంచుకోమనేవాళ్లు. మింగింది ఏదీ స్వరతంత్రులను తాకదు. అది అన్నవాహికలోకి పోతుంది, తంత్రులు ఉన్నది గాలి దారిలో. ఒకవేళ తాకితే పొలమారుతుంది. బిళ్ల చప్పరిస్తే నోరు ఊరి హాయిగా ఉంటుంది, మెంథాల్ చల్లదనానికి నొప్పి తెలియదు, నొప్పి తెలియక ఇంకా ఒర్రుతాం. అతిమధురం రోజూ ఎక్కువగా తింటే బీపీ పెరుగుతుంది, బీపీ ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు. గొంతు మంటకు నొప్పి మాత్ర వేసుకొని క్లాసుకు పొమ్మనే సలహా వీటన్నిటిలోకీ ప్రమాదం. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తాయి. ఆ పూట గట్టిగా అరిస్తే తంత్రిలో సన్నని నాళం చిట్లి రక్తం చేరే అవకాశం పెరుగుతుంది. పొద్దుటి నుంచి కొంచెం కొంచెంగా మంచినీళ్లు, రాత్రి తిన్న వెంటనే పడుకోకపోవడం, ఇవి మాత్రం నిజంగా పనికొస్తాయి. మేడంలు నీళ్లు తాగకపోవడానికి కారణం బడిలో సరైన మూత్రశాల లేకపోవడం అయిన చోట, ఆ సంగతి హెడ్మాస్టరు చూడాలి. అది కూడా గొంతు సమస్యే.

గొంతు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడమంటారు. చాలామంది గుసగుసలాడేటప్పుడు గొంతును ఇంకా బిగిస్తారు. మాట్లాడక తప్పకపోతే మామూలు గొంతుతోనే, దగ్గరగా, తక్కువగా మాట్లాడాలి. మాటిమాటికీ ఖాం ఖాం అని సవరించుకోవడం కూడా తంత్రులను కొట్టడమే. ఒక గుటక నీళ్లు తాగండి.

"మైకు పెట్టుకొని పాఠమా? నామోషీ."

నామోషీ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నడుముకు కట్టుకొని, చెవి మీదుగా నోటి దగ్గరికి తెచ్చుకునే చిన్న మైకు ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుంది. రాయ్ బృందమే 2002లో ఇంకో పరిశీలన ప్రచురించింది. గొంతు సమస్య ఉన్న టీచర్లను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు మైకులు ఇచ్చారు, ఒక జట్టుకు గొంతు జాగ్రత్తలు నేర్పారు, ఒక జట్టుకు ఏమీ ఇవ్వలేదు. ఆరు వారాల తర్వాత స్పష్టంగా బాగుపడింది మైకులు పెట్టుకున్నవాళ్లు. జాగ్రత్తలు మాత్రమే విన్నవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. అంటే నేను పైన రాసిన మంచి మాటలు కూడా ఒంటరిగా చాలవు. తరగతికి 50 మంది ఉన్న చోట మైకు కొనండి. ఊరి దాతలు గడియారం, బీరువా ఇస్తామంటే మైకు అడగండి.

"అదే తగ్గుతది" అన్న మాటకు మూడు వారాలే గడువు. జలుబు లేకుండా గొంతు మూడు వారాలు బొంగురుగా ఉంటే ఈఎన్‌టీ డాక్టరు లోపలికి అద్దం వేసి చూడాలి. బీడీ, సిగరెట్టు, గుట్కా అలవాటు ఉన్నా, మింగడం కష్టమైనా, మెడలో గడ్డ తగిలినా, రక్తం పడినా అన్నాళ్లు కూడా ఆగకూడదు. అరుస్తుండగా గొంతు ఒక్కసారిగా పోతే ఆ క్షణం నుంచే మౌనం, ఆ రోజే డాక్టరు. నిజామాబాద్ పెద్దాసుపత్రి ఉంది, హైదరాబాద్‌లో కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. మాట్లాడే తీరును సరిచేసే స్పీచ్ థెరపీకి సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. మామూలు కాయలు చాలా మటుకు కత్తి లేకుండా ఆ శిక్షణతోనే తగ్గుతాయి.

హెడ్మాస్టర్లకు ఒక్క మాట. పొద్దున ప్రార్థన, ప్రతిజ్ఞ, సూక్తి అన్నీ తెలుగు సారే చెప్పించాలన్న రివాజు మానండి, పిల్లలను వంతులవారీగా ముందు నిలబెట్టండి. టైం టేబుల్ వేసేటప్పుడు తెలుగు మూడు పీరియడ్లు వరసగా పెట్టకండి. రెండింటి తర్వాత ఒక ఖాళీ పీరియడ్ ఇవ్వండి, అందులో వేరే తరగతికి పంపకండి.