తలగోడ సూత్రమునకు టీకా తాత్పర్యము

మూలము: “తలగోడ ముదురు నీలం, తక్కిన మూడూ లేత బూడిద.”

అవతారిక: మా అబ్బాయి, కోడలు కాపురముండబోవు పడకగదిని ఉద్దేశించి, ట్యాబులో గోడల బొమ్మ చూపుచు ఇంటీరియర్ డిజైనరు ఈ సూత్రమును పలికెను.

ప్రతిపదార్థము: సుబోధము. విడిచితిమి.

విశేషములు: ఆధారము లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని వ్యాఖ్యాత కోలాచలం మల్లినాథసూరి ప్రతిజ్ఞ. మాకంత నిష్ఠ లేదు గనుక నాట్యశాస్త్రము 6వ అధ్యాయమునకు పోవుదము. అందు భరతుడు 8 రసములకు 8 రంగులు చెప్పెను. హాస్యము తెలుపు, అద్భుతము పసుపు, శృంగారము శ్యామము. రౌద్రము ఎరుపు, అపార్ట్‌మెంటు సంఘము మీటింగు గదికి అది తగును. కరుణము కపోతవర్ణము, అనగా పావురాయి రంగు, అనగా డిజైనరుగారి లేత బూడిదయే. బీభత్సము నీలము. అంతటితో పోలేదు. ప్రతి రసమునకు ఒక అధిదేవత కలదు. కరుణమునకు యముడు, బీభత్సమునకు మహాకాలుడు. కావున మూడు వైపుల యముని, తలాపున మహాకాలుని పెట్టుకొని నూతన దంపతులు శయనింతురు. ఈ రెండు రసములును శృంగారమునకు విరోధులని సాహిత్యదర్పణమున విశ్వనాథుడు.

ఆక్షేపము: “కాంట్రాస్టుంటేనే రూముకి లుక్కొస్తుంది సార్.”

సమాధానము: లుక్కు సంగతి దేవుడెరుగు, ముదురు గోడ వెలుతురు మింగేస్తుంది. పట్టపగలే లైటు వెయ్యాలి. రేపు వద్దనుకుంటే దాన్ని కప్పడానికి మళ్ళీ ప్రైమరు, మళ్ళీ కోట్లు. సరే, అదీ భరిస్తాం. రెండు రంగులూ ఖాయం చెయ్యమని ఇచ్చింది షేడ్‌కార్డులో గోరంత ముక్కలు, అదీ షాపు లైటు కింద! గోడ మీద 2 అడుగుల మేర రెండూ పక్కపక్కన పూసి, ఆరనిచ్చి, పొద్దున కిటికీ వెలుగులో ఓసారి, రాత్రి బల్బు కింద ఓసారి చూపించవయ్యా అంటే, “త్రీడీలో చూశారుగా సార్” అంటాడు. త్రీడీలో కిటికీ నిండా ఎండ. మా గదికున్న ఒక్క కిటికీకీ ఎదురుగా పక్క అపార్ట్‌మెంటు గోడ. అక్కడ పూసిన ఆ నీలం ఆరాక నలుపైంది. నలుపు భయానకరసమునకు విధింపబడినదని పాఠకులు గ్రహింతురు.

తాత్పర్యము: మూత తీయని నీలపు డబ్బా ఒకటి మిగిలెను. పట్టుకెళితే షాపతను “మిషన్లో కలిపింది వాపసు తీసుకోం” అనెను. ఈ వాక్యమునకు పాఠాంతరములు లేవు.