పక్కసీటు పద్యం: నాగోలీయ వ్యాఖ్యా సహితం

అవతారిక

మెదక్ సీమలోని కొల్చారం వాడైన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’ రాస్తూ, మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. నాగోలులో కూర్చున్న ఈ వ్యాఖ్యాత మొదటి ఒట్టుకు కట్టుబడి ఉంటాడు. రెండోదానికి కూడా కట్టుబడితే పత్రికకు పంపడానికి ఏమీ మిగలదు.

పద్యం రాసిందీ నేనే, టీక రాస్తున్నదీ నేనే. అందుచేత కవి హృదయం ఏమిటని పండితులు తగవుపడే బెడద ఈ ఒక్క కావ్యానికి తప్పింది. సందర్భమిది: రాయదుర్గం దిక్కున కొలువు చేసే నాగోలు కుర్రవాడొకడు పక్కసీటు పోరు పడలేక, అదే బండిలో వచ్చే పెద్దాయనను ‘ఏం చేయమంటవే అన్నా’ అని అడుగుతాడు. ఆయన జవాబు ఈ ఆటవెలది.

మూలం

పక్కసీటు వాడు పని తనదని చెప్ప
మెయిలు తీసి చూపు, మీద పడకు;
నలిగి రైలులోన నాగోలు చేరంగ
దిగుము నీవు, కినుక దిగగనీకు.

ప్రతిపదార్థం

పక్కసీటు వాడు = ఆఫీసులో మన పక్క కుర్చీవాడు (పుంలింగం ఇచట ఉపలక్షణం, పక్కసీటు ఆవిడ కూడా గ్రాహ్యమే; ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో తెర మీది చిన్న గడిలో కనిపించేవాడని అర్థం); పని = రాత్రులు మేలుకొని మనం చేసినది; తనది అని చెప్పన్ = మీటింగులో మేనేజరు ముందు ‘నేనే చేశాను సార్’ అనగా; మెయిలు = తేదీ, వేళ పడిన లేఖను; తీసి = వెతికి బయటపెట్టి; చూపు = చూపవలసినవారికి మాత్రమే చూపుము; మీద పడకు = నోటితో గానీ రిప్లై ఆల్‌తో గానీ దాడి చేయకుము; నలిగి = పగలు పనిచేతను, సాయంత్రం జనంచేతను నలిగి; రైలులోనన్ = మెట్రోలో; నాగోలు చేరంగన్ = బ్లూ లైను తూర్పు కొసకు రాగా; నీవు దిగుము; కినుకన్ = కోపమును; దిగగన్ ఈకు = దిగనీయకుము.

తాత్పర్యం

పక్కసీటు వాడు మన పనిని తనదిగా చెప్పుకుంటే కాగితం చూపాలే గానీ కయ్యానికి పోరాదు. ఊరు చేరాక మనం దిగాలి, కోపం బండిలోనే ఉండిపోవాలి.

వ్యాఖ్య

మొదటి పాదం: ‘పక్కసీటు వాడు దుర్మార్గుడు’ అని కవి అనలేదు. ‘పని తనదని చెప్ప’ అన్నాడంతే. ఇది గమనించాలి. గుణం మీద ఫిర్యాదు పట్టుకెళితే మేనేజరు ‘మీరిద్దరూ మాట్లాడుకోండి’ అని లేచిపోతాడు. ఫలానా రోజు, ఫలానా పని, ఫలానా మాట అంటే కూర్చుని వినక తప్పదు.

క్రెడిట్ కొట్టేయడం ఒక్కటే చెప్పినా, తక్కిన లక్షణాలన్నీ గ్రహించుకోవలసిందే. వాటి జాబితాకు ప్రమాణ గ్రంథం ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1944లో, అమెరికా గూఢచారి సంస్థ ఓఎస్ఎస్ ఒక చిన్న పుస్తకం తయారుచేసింది. శత్రువు చేతిలో ఉన్న దేశాల మామూలు జనం అక్కడి పనులను చాటుగా ఎలా పాడుచేయవచ్చో అందులో చెప్పారు. ఆఫీసుల అధ్యాయంలో ఉన్నవివి: ప్రతి విషయాన్నీ కమిటీకి పంపించు, పోయిన మీటింగులో తేలినదాన్ని మళ్ళీ తిరగదోడు, మాటల పొందిక దగ్గర పేచీ పెట్టు, వీలైనంత పొడుగ్గా ఉపన్యసించు, చేతకానివాణ్ణి మెచ్చుకో. మన పక్కసీటు వాడు ఏ యుద్ధమూ లేకుండా, నెలనెలా జీతం తీసుకుంటూ ఇవన్నీ చేస్తాడు.

ఎందుకు చేస్తాడు? పూర్వజన్మ వైరం కాదు. చాలాచోట్ల అప్రైజల్ అనే యజ్ఞంలో మంచి రేటింగులు ఇన్నే అని ముందే గీత గీస్తారు. దీనికి బెల్ కర్వ్ అని పేరు. పక్కవాడు పైకి లేస్తే నేను కిందికి జారతాననే లెక్క ఉన్నచోట పక్కసీటు శత్రుసీటు కావడం వింత కాదు. మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతిని 2013 నవంబరులో వదిలేసింది. మన బండి దారిలోనే ఉన్న బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల మరుసటి ఫిబ్రవరిలో సీఈఓ అయ్యేసరికే ఆ గీత చెరిగిపోయింది. కనుక కోపంలో సగం పక్కసీటు వాడికి, సగం ఆ గీతకు పంచడం న్యాయం.

రెండో పాదం: ‘రాసి చూపు’ అనక ‘తీసి చూపు’ అనడంలో కవి పనితనం ఉంది. తీయాలంటే అది ముందే ఉండాలి. శుక్రవారం తగవుకు శుక్రవారం రాసిన మెయిలు సాక్ష్యం కాదు, తిట్టు. సోమవారం సాయంత్రమే ‘ఇవాళ అనుకున్న ప్రకారం ఈ భాగం నేను చేస్తున్నాను, ఆ భాగం మీరు’ అని నాలుగు ముక్కలు రాసి పెట్టుకున్నవాడికే శుక్రవారం తీయడానికి ఏదైనా దొరుకుతుంది. ఇక చూపడమంటే ఇరవైమందిని సీసీలో పెట్టి ఊరేగించడం కాదు. నలుగురిలో పరువు పోయినవాడు తప్పు ఒప్పుకోడు, పగ పట్టుకుంటాడు.

ఈ విద్యకు గురుస్థానం మన దారిలోనే ఉంది. హబ్సిగూడ దాటగానే వచ్చే స్టేషన్‌కు 1961లో ఏర్పడిన భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్జీఆర్ఐ పేరు పెట్టారు. అక్కడివారు భూకంపాలను కొలుస్తారు. భూమి కంపించినప్పుడు వారు భూమితో వాదించరు. ఎన్ని గంటలకు, ఎక్కడ, ఎంత తీవ్రతతో అని నమోదు చేస్తారు. పక్కసీటు కంపించినప్పుడూ అంతే.

‘మీద పడకు’ అన్నదానికి భారతమే ఉదాహరణ. పాండవుల వైపు బయలుదేరిన శల్యుణ్ణి దుర్యోధనుడు దారిలో విడిదులు కట్టించి, విందులు పెట్టి తనవైపు తిప్పుకున్నాడు. ధర్మరాజు అది తెలిసి, యుద్ధంలో కర్ణుడికి సారథ్యం చేయవలసి వస్తే అతడి ఉత్సాహం చల్లార్చమని కోరాడు. శల్యుడు సరేనన్నాడు. అలా రథం తోలుతూనే ‘అర్జునుడి ముందు నువ్వెంత’ అనే సహోద్యోగి తయారయ్యాడు. హంసతో పందెం కట్టిన కాకి కథ కూడా రణరంగంలోనే చెప్పాడు. తెలుగువాడు శల్యసారథ్యం అన్న మాటను నేటికీ ఆఫీసుల్లో వాడుతున్నాడంటే ఆ ఉద్యోగం ఎంత శాశ్వతమైనదో గ్రహించాలి.

అయితే కర్ణుడేం చేశాడు? మీద పడ్డాడు. శల్యుణ్ణి, అతడి మద్రదేశాన్ని, అక్కడి ఆడవాళ్ళతో సహా కడిగి వదిలాడు. శల్యుడు తిరిగి అంగదేశాన్ని అందుకున్నాడు. చివరికి దుర్యోధనుడు వచ్చి ఇద్దరినీ సముదాయించాల్సి వచ్చింది. అర్జునుడి మీదికి వెళ్ళవలసిన ఊపు సారథి మీద ఖర్చయింది. సారథి మాత్రం ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు. ఎదుటివాడికి మనం జవాబివ్వడమే కావాలి. ఇవ్వకపోతే ఆ పూట వాడి పని పాడవుతుంది.

మూడో పాదం: నాగోలే ఎందుకు, ఉప్పల్ ఎందుకు కాదు? ‘ఉప్పలు’ గణానికి సరిపోతుంది గానీ యతికి సరిపోదు. ఉప్పల్‌లో దిగేవారు ఛందస్సు వల్ల బయట పడ్డారే తప్ప ఉపదేశం వారికీ వర్తిస్తుంది. పైగా నాగోలు కొస స్టేషన్. 2017 నవంబరు 28న మియాపూర్, అమీర్‌పేట, నాగోలు మధ్య 30 కిలోమీటర్ల మెట్రో ప్రారంభమైంది; 2019 నవంబరు 29న బండి రాయదుర్గం దాకా పోయింది. అటు కొస నుంచి ఇటు కొసకు 23 స్టేషన్లు. రాయదుర్గంలో ఉడుకుతూ ఎక్కిన కోపం అమీర్‌పేట తోపులాటలో పక్కవాడి బ్యాగు మీదికి మళ్ళుతుంది. పరేడ్ గ్రౌండ్ దగ్గర కొందరు దిగుతారు, గాలి ఆడుతుంది. తార్నాకకు వచ్చేసరికి సీటు దొరికి, చెప్పవలసిన జవాబులన్నీ అప్పుడు తడతాయి. ఇదే ప్రమాద స్థలం. ఆ జవాబులు ఫోనులో టైపు చేయవచ్చు, పంపరాదు.

నాచారంలో పాఠాంతరం ఉంది: ‘నలిగి బస్సులోన నాచార మందున’. అక్కడ మెట్రో లేదు, పారిశ్రామికవాడ ఉంది. షిఫ్టు మారేటప్పుడు ‘మిషన్ ముందు షిఫ్టు వాళ్ళే చెడగొట్టిన్రు’ అనే పక్కసీటు వాడు ఆ శాఖకు చెందినవాడు. ఆ శాఖవారు రెండో పాదంలో మెయిలు అన్నచోట లాగ్‌బుక్ అని చెప్పుకోవాలి. గణం చెడినా అర్థం చెడదు.

నాలుగో పాదం: కోపం, క్రోధం అనక ‘కినుక’ అన్నాడు. ఇంకా పగ కానిది కినుక. పగ అయ్యాక బండి మారినా దిగదు.

‘దిగగ, నీకు’ అని విడదీసి, కినుక దానంతటదే దిగజారుతుందని చెప్పేవారున్నారు. అది ఒప్పుకోదగింది కాదు. వదిలేస్తే దిగేది కోపం స్వభావం కాదు. నాగోలు మెట్లు మనకంటే ముందు దిగి, ఇంటి తలుపు ముందు తట్టి, పిల్లవాడి హోంవర్క్ మీద పడుతుంది. అందుకే కవి ఆజ్ఞార్థకం వాడాడు.

పూర్వపక్షం, సిద్ధాంతం

శంక: కొస స్టేషన్‌లో వదిలిన కోపం తిరుగుబండిలో పొద్దున్నే మళ్ళీ ఎదురుకాదా? సమాధానం: నాగోలు పక్కనే ఉప్పల్ డిపో ఉంది. బండ్లను కడిగేది అక్కడే.

శంక: ఇది పిరికితనం కాదా? సమాధానం: పిరికివాడు మెయిలు తీయడు. నోరు మూసుకోమని కవి అనలేదు, కాగితాన్ని మాట్లాడనివ్వమన్నాడు.

శంక: ఉద్యోగం మారితే పీడ పోదా? సమాధానం: మూడు నెలల నోటీసు పీరియడ్ అదే పక్కసీటుతో గడపాలి. ఆ తర్వాతి ఆఫీసులో కూడా ప్రతి సీటుకూ పక్కసీటు ఉంటుంది. పైగా మనమూ ఎవరికో పక్కసీటే.

ఈ పద్యం చెల్లని చోటు

క్రెడిట్ దొంగకు, చాడీకోరుకు, మీటింగు రాక్షసుడికి మాత్రమే ఈ పద్యం. చేయి వేసేవాడికి, అసభ్యంగా మాట్లాడేవాడికి, కులం పేరుతో అవమానించేవాడికి ఇది వర్తించదు. అక్కడ కినుకను బండిలో వదలరాదు. మహిళలపై పనిచోట లైంగిక వేధింపులకు 2013 చట్టం ఉంది: పదిమంది, అంతకు మించి ఉన్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి, ఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, పదిమంది కూడా లేనిచోట జిల్లా స్థాయి స్థానిక కమిటీని ఆశ్రయించవచ్చు. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధానికి 1989 చట్టం ఉంది. అధికారం అడ్డుపెట్టుకుని కిందివారిని వేధించడాన్ని కంపెనీలే అరికట్టాలని జపాన్ 2019లో చట్టం చేసి, 2020 జూన్ నుంచి పెద్ద సంస్థల్లో అమలుకు తెచ్చింది. ఇట్టిచోట ‘సర్దుకుపో’ అనే పెద్దాయన ఏ బండిలో కనిపించినా ఆయన మాట వినవద్దు.

ఫలశ్రుతి

ఈ పద్యం నిత్యం చదివినవారికి ఇంక్రిమెంటు వస్తుందని చెప్పలేను. పక్కసీటు వాడు మారతాడనీ చెప్పను. శల్యుడు కర్ణుడి కోసం మారలేదు. రాత్రి అన్నం సయిస్తుంది, నిద్ర పడుతుంది, ఎవరు ఏ పని చేశారో అడిగిన రోజున చూపడానికి చేతిలో ఒకటి ఉంటుంది. పద్యం మరిచిపోయినా నష్టం లేదు. ఇవాళ సాయంత్రం సిస్టం ఆపేముందు ఆ నాలుగు ముక్కల మెయిలు మాత్రం రాసి పెట్టుకోండి.