బీరువాలో ఒక టీబీ

మా ఇంట్లో బ్యాకప్ అనగానే ఏం దాచాలన్న తగువు రాదు, ఎవరిది ముందు దాచాలన్న దగ్గరే వస్తుంది. "ఏమండీ, పెద్దదాని ఓణీల ఫొటోలు ముందు ఎక్కించండి" అంటుంది మా ఆవిడ. "నాన్నా, నా ప్రాజెక్టు!" అని మావాడు. మా మామగారు మాత్రం హుందాగా, "అల్లుడుగారూ, నా ప్రవచనాలు..." అని ఆపేస్తారు. ఆ చుక్కలంటేనే భయం నాకు.

కొన్నది ఒక టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. తగిలించగానే విండోస్ 931 జీబీ అంది. "మిగతా 69 కొట్టువాడు నొక్కేశాడన్నమాట. వెనక్కిచ్చేయండి" అన్నారు మామగారు. నొక్కడం కాదండీ, డిస్క్ చేసినవాడు వెయ్యి చొప్పున లెక్కేస్తాడు, విండోస్ 1,024 చొప్పున లెక్కేస్తుంది అని చెప్పాను. "అయితే నొక్కింది విండోస్" అని తేల్చేశారు.

ఇక కంప్యూటర్ లోపలికెళ్తే 'ఫోన్ ఫొటోలు', 'ఫోన్ ఫొటోలు ఫైనల్', 'ఫైనల్ ఇదే', 'ఇదే, చెరపొద్దు'. నాలుగింట్లోనూ అవే ఫొటోలు. ఏది తీసేద్దామన్నా ఎవరికీ ధైర్యం లేదు, అన్నీ ఎక్కించాం. 'ఇంకా 5 నిమిషాలు' అని చూపించింది. కాసేపటికి 2 గంటలంది, మళ్లీ 5 నిమిషాలంది. పెళ్లిలో 'వడ్డన మొదలైపోయింది, రండి' అన్న పిలుపుకున్నంత విలువే దానికీ. సినిమా లాంటి పెద్ద ఫైలు ఒక్కటైతే చకచకా పోతుంది, వేలకొద్దీ చిన్న ఫొటోలకే డిస్క్ మొరాయిస్తుంది. పైగా కేబుల్ పెట్టింది యూఎస్‌బీ 2.0 పోర్టులో. పక్కనే నీలం నాలుకతో ఉన్న 3.0 పోర్టుకి కాగితం మీద దానికి పదింతల వేగం. అందులో ఏముందంటారా? మావాడి గేమ్ కంట్రోలర్. దాన్ని కదిపే అధికారం ఈ ఇంట్లో ఎవరికీ లేదు.

ఇంత అవస్థ ఎందుకని ఆవిడ అడిగితే యానిమేషన్ సినిమాలు తీసే పిక్సార్ కథ చెప్పాను. 1998లో అక్కడ ఎవరో కొట్టిన ఒక్క కమాండ్‌కి 'టాయ్ స్టోరీ 2' సినిమా చాలాభాగం తుడిచిపెట్టుకుపోయింది. బ్యాకప్ ఉందిగా అని తీస్తే, అదీ సరిగ్గా పనిచేయడం లేదు! పసిబిడ్డతో ఇంటినుంచి పనిచేస్తున్న గేలిన్ సస్మన్ కంప్యూటర్లో అదృష్టవశాత్తూ ఒక కాపీ ఉంది. దుప్పట్లు చుట్టి, కారు వెనకసీట్లో కూర్చోబెట్టి తెచ్చుకున్నారు దాన్ని. అందరూ నిశ్శబ్దంగా విన్నారు. "ఇంతకీ ప్రవచనాలు ఎక్కాయా?" అన్నారు మామగారు.

కాపీ అయ్యాక డిస్క్‌ని అలాగే తగిలించి ఉంచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్ వస్తే కంప్యూటర్‌తోపాటు దానికీ తాళం పడుతుంది. పిడుగు పడితే రెండూ ఒకేసారి పోతాయి. మాది మాత్రం బీరువాలో, పట్టుచీరల మధ్య ఉంటుంది. అక్కడ దానికున్న గండం ఒక్కటే, మా బావమరిది. "బావా, ఆ డిస్క్ ఓసారివ్వు, సినిమాలు ఎక్కించుకొస్తా" అంటాడు వచ్చినప్పుడల్లా.

మీరు కూడా కాపీ అయిందని మురిసిపోకుండా, డిస్క్‌లోంచే నాలుగు ఫొటోలు తెరిచి చూసుకోండి. తెరుచుకుంటే బీరువాలో పెట్టి తాళం వేయండి. బావమరిది అడిగితే, పాడైపోయిందని చెప్పండి.