చెరువు యాప్ కొంటున్నారా? ముందు ఇంటిపేరు అడగండి

కైకలూరు, ఆకివీడు, కొల్లేటి లంకల్లో చేపల సాగు చేసేవాళ్లకి ఇప్పుడు యాప్‌లు అమ్మేవాళ్ల తాకిడి ఎక్కువైంది. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుంది, మేత ఎంత పడింది, ఏరేటర్లు ఎప్పుడు తిప్పాలి, అన్నీ ఫోన్లో కనబడతాయట. అది పని చేస్తుందో లేదో చూసి కొందామనే అమాయకులు ఇంకా ఉన్నారు. వాళ్ల మాట వినకండి. సాఫ్ట్‌వేర్ కూడా పెళ్లి సంబంధంలాంటిదే, పిల్లాణ్ణి కాదు, ఇంటిపేరు చూడాలి.

చేసినవాడు అమెరికాలో ఉంటే సగం ఖాయం చేసుకోండి. పెద్ద కంపెనీ మానేసి వచ్చాడంటే మిగతా సగం కూడా. (ఎందుకు మానేశాడని అడగడం మర్యాద కాదు.) తాడేపల్లిగూడెం నిట్‌లో చదివే కుర్రాడెవడో చేశాడంటే మాత్రం కాఫీ ఇచ్చి పంపెయ్యండి. 1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి సరదాకి రాసుకున్నానంటూ లినక్స్‌ని జనం ముందు పెట్టాడు. కాఫీతో సరిపెట్టే పెద్దమనిషి అక్కడ ఒక్కడూ లేకపోయాడు. ఇప్పుడు మీ ఆండ్రాయిడ్ ఫోను అడుగున ఉన్నది అదే.

పేరుని నమ్మొచ్చా అని ఎవరైనా సణిగితే సత్యం కంప్యూటర్స్ సంగతి చెప్పండి. పశ్చిమగోదావరి నుంచి వెళ్లిన రామలింగరాజుగారు 1987లో పెట్టిన కంపెనీ. 2008లో, కంపెనీని పద్ధతిగా నడుపుతున్నందుకు గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకుంది. 2009 జనవరి 7న, పుస్తకాల్లో చూపిన నగదులో 5,040 కోట్లు అసలు లేవని ఆయనే లేఖ రాశారు. చూశారా, అవార్డు ముందే వచ్చేసింది!

పేరు లేనివాళ్లు దిగులు పడనక్కర్లేదు, ఓపికుంటే వస్తుంది. జియా టాన్ అనే పేరు పెట్టుకుని ఎవరో ఎక్స్‌జెడ్ అనే ప్రోగ్రామ్‌కి రెండేళ్లకు పైగా బుద్ధిగా పని చేసి, అందరి నమ్మకం సంపాదించి, 2024లో అందులో దొంగదారి పెట్టారు. లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి బయటపెట్టాడు. అంత చాదస్తం మనకొద్దు.

పరీక్షించక తప్పదంటే మధ్యాహ్నం రెండింటికి పెట్టుకోండి. ఎండకి ప్లాంక్టన్ ఆక్సిజన్ వదులుతూ ఉంటుంది, ఏ యాప్ అయినా మంచి అంకే చూపిస్తుంది. తెల్లవారుజామున మాత్రం చెరువు వైపు పోవద్దు. రాత్రంతా ప్లాంక్టన్ కూడా ఊపిరి పీల్చుకుని ఆక్సిజన్ అడుగంటి, బొచ్చె, శీలావతి పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు కూడా యాప్ అంతా బాగుందంటే, చేసినవారి పేరు ఆ చేపలకి తెలియదనుకోండి.

కలకత్తా లారీకి ఐసు చెప్పాల్సిన రోజున చచ్చిన చేపలకి గొయ్యి తియ్యడానికి జేసీబీకి చెప్పాల్సి వస్తే, ఆ ఖర్చు యాప్ ఖాతాలో కాదు, ఎండని కప్పేసిన మబ్బు ఖాతాలో రాయండి. ఎవరు అడిగినా అదే చెప్పండి. పెద్దింటివాళ్ల పేరు చెడగొట్టిన పాపం మనకెందుకండీ!