గాలిని బట్టే నా ప్రయాణం

నేను విశాఖపట్నం సైకిల్ని. స్టీలు ఫ్రేము, వెనక ఏడు గేర్లు, లాసన్స్ బే కాలనీలో ఒక మేడ మెట్ల కింద చోటు. నన్ను తొక్కే టీచరమ్మ తెల్లవారుజామున లేవగానే వాన సంగతి కాదు, గాలి సంగతి చూస్తుంది. పక్క మేడమీద ఆరేసిన చీరలు ఎటు ఎగురుతున్నాయో కనిపెట్టాకే నా తాళం తీస్తుంది. వానలో తడిస్తే ఇంటికొచ్చి ఆరొచ్చు. గాలి లెక్క తప్పితే ఇల్లు చేరడమే కష్టం.

మా తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా సాగుతుంది. దాన్ని అంటిపెట్టుకునే భీమిలి రోడ్డు వెళ్తుంది. ఏడాదిలో ఎక్కువ భాగం మా గాలులకూ ఆ రెండు దిక్కులే ఇష్టం. వేసవిలోనూ, నైరుతి రుతుపవనాల కాలంలోనూ భీమిలి వైపు వెళ్తుంటే గాలి వెనకనుంచి తోస్తుంది. జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, రుషికొండ ఇట్టే దాటిపోతాయి. తొక్కేవాళ్లకు కాళ్లలో కొత్త బలం వచ్చినట్టుంటుంది. ఎర్రమట్టి దిబ్బలు దాటి, భీమిలిలో టీ తాగి వెనక్కి తిరిగినప్పుడు అసలు సంగతి తెలుస్తుంది. గాలి లేనప్పుడు నేను గంటకు 20 కిలోమీటర్లు పోతాననుకోండి. అంతే వేగంతో గాలి ఎదురొస్తే, ఆ 20 నిలబెట్టుకోవడానికి నాలుగింతల గాలి ఒత్తిడిని తట్టుకోవాలి. ఇల్లు ఇంకా 20 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. పైగా ఎండ ఎక్కుతుంటుంది, చెమట ఆరదు.

అందుకే ఆ నెలల్లో మేం చీకటితోనే బయల్దేరతాం. రాత్రంతా చల్లబడిన నేల మీంచి సన్నటి గాలి సముద్రం వైపు పోతుంటుంది, అది మమ్మల్ని పెద్దగా అడ్డుకోదు. నేల వేడెక్కి సముద్రపు గాలి పుంజుకునేలోగా మెట్ల కిందికి వచ్చేస్తాం. పడమటి గాలి బలంగా ఉన్న మే రోజుల్లో ఆ సముద్రపు గాలి కూడా ఒడ్డుకు రాలేదు, ఊరు ఉడికిపోతుంది. ఆ రోజుల్లో టీచరమ్మ నన్ను కదిలించదు. మంచి పని.

శీతాకాలం నాకు ప్రాణం. ఈశాన్యపు గాలి వెళ్లేటప్పుడే ఎదురొస్తుంది, అలసిపోయాక ఇంటివైపు తోస్తుంది. ఇంటికి రాగానే గొలుసు మీది ఉప్పు తేమను గుడ్డతో తుడిచి నూనె వేయాలి. సముద్రం పక్కన ఇనుముకు ఆ నూనె తిండి లాంటిది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఒడ్డు దాటింది. గంటకు 170 కిలోమీటర్లు దాటిన గాలి. మళ్లీ రోడ్డెక్కినప్పుడు కైలాసగిరి కొండ పచ్చదనం పోయి గోధుమరంగులో నిలబడి ఉంది. నేను ఆగే చెట్ల నీడలు లేవు. అప్పటినుంచి అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక కేంద్రం మాటే మాకు ముఖ్యం. రేవులో మూడో నంబరు హెచ్చరిక సూచిక ఎగిరిందంటే, ఆకాశం నిర్మలంగా ఉన్నా నేను గడప దాటను. ఒక్కసారిగా పక్కనుంచి కొట్టే గాలి సైకిల్‌ను బస్సు కిందికి నెట్టగలదు.

కొత్త సైకిళ్ల మీద పిల్లలు జూన్ గాలికి భీమిలి వైపు ఎగిరిపోతుంటే నాకు బెంగగా ఉంటుంది. నాయనా, రుషికొండ దగ్గరే తిరగండి. భీమిలిని డిసెంబరుకు ఉంచుకోండి.