బొమ్మ నగరానికి అద్దె దివాన్లు

హైదరాబాద్ కొత్తగూడలో రాత్రి పదకొండు దాటితే కొందరు రాజులైపోతారు. పగలంతా టీం లీడ్ ముందు తలాడించినవాళ్లే, పీజీ హాస్టల్ మంచమెక్కి ఫోన్ పట్టుకోగానే ఏథెన్స్‌కు పోటీగా ఊళ్లు ఏలుతుంటారు. జర్మనీలోని హాంబర్గ్ నుంచి ఇన్నోగేమ్స్ కంపెనీ నడిపే గ్రెపోలిస్ అనే ఆట వాళ్ల రాజ్యం. మొదట ఒక చిన్న గ్రీకు ఊరు చేతికిస్తారు. కలప, రాయి, వెండి కూడబెట్టాలి. గోడ లేపాలి, రేవు కట్టాలి, దేవుణ్ని మంచి చేసుకోవాలి. ఆపైన ఓడలేసుకుని వెళ్లి పక్కవాడి ఊరు లాక్కోవాలి. ఇందులో నాకు అభ్యంతరమేమీ లేదు. పక్కవాడి స్థలం లాక్కోవడం ఈ ప్రాంతానికి కొత్త విద్యా కాదు.

అభ్యంతరమల్లా దివాన్లతోనే. ఆటలో వాళ్లను సలహాదారులంటారు. మొత్తం ఐదుగురు. అసలు డబ్బుతో ఆట బంగారం కొని ముట్టజెబితే, కొంత గడువుకు కొలువులో చేరతారు. నిర్వాహకుడు చేరితే కట్టడాల వరసలో రెండు పనులకు బదులు ఏడు పెట్టేసి పడుకోవచ్చు. వర్తకుడు చేరితే కలప, రాయి, వెండి 30 శాతం ఎక్కువొస్తాయి. పూజారిణి వస్తే దేవుడి దయ పెరుగుతుంది. సేనాని నేల మీద, నౌకాధిపతి నీటి మీద బలం పెంచుతారు. నౌకాధిపతితో ఇంకో సుఖం కూడా ఉంది. చుట్టుపక్కల పల్లెల నుంచి వసూళ్లకు ఒక్కో పల్లే తిరగక్కర్లేదు, కూర్చున్న చోటే అన్నింటి ముక్కూ పిండుకోవచ్చు. మన పటేల్ పట్వారీలకు ఈ వసతి లేకపోయింది, పాపం.

ఇందులో మర్మం చూడండి. ఆటలో రేవు పెంచాలంటే నిజంగానే గంటలు పడుతుంది. ఆ గంటలు పెట్టిందెవరు? కంపెనీ. వరసలో రెండే పనులు పట్టాలని గీత గీసిందెవరు? కంపెనీయే. ఆ గీత పుణ్యమా అని మనవాడు రాత్రి మూడింటికి అలారం పెట్టుకుని లేచి రాతి గనికి పని పురమాయిస్తాడు. వారం తిరిగేసరికి కళ్లు ఎర్రబడి, పర్సు తీస్తాడు. నిద్ర చెడగొట్టిందీ వాళ్లే, నిద్ర అమ్మిందీ వాళ్లే. అయినా వ్యాపారాన్ని తప్పు పట్టను. సర్వర్లకు కరెంటు కావాలి, ప్రోగ్రామర్లకూ పెళ్లాం పిల్లలుంటారు. నా గొడవ అమ్మేవాడితో కాదు, కొన్న దానికి స్ట్రాటజీ అని పేరు పెట్టుకుని తిరిగేవాడితో.

“టైం లేదన్నా, అందుకే పెట్టుకున్నా” అంటాడు. టైం పోవడంలేదనే కదా తమ్మీ ఈ ఆట మొదలుపెట్టావు? టైం గడవడానికి ఆట, ఆటకు టైం చాలక సలహాదారు, వాడు మిగిల్చిన టైంలో రీల్స్. పెళ్లి విందుకెళ్లి మన విస్తరి ముందు కూలికి మనిషిని కూర్చోబెట్టి, మనం షామియానా బయట బఠాణీలు నమిలినట్టుంది.

ఇంకొకడిది ఇంకో వాదం. “అందరూ పెట్టుకున్నారు, నేనొక్కణ్నే పెట్టుకోకపోతే మునిగిపోతా.” అందరికీ 30 శాతం పెరిగితే ఎవరికీ ఏమీ పెరగనట్టే. ఇది ఐదో తరగతి లెక్క, ఇంజనీరింగ్‌కు వచ్చేసరికి మరిచిపోయినట్టున్నారు. పెరిగింది హాంబర్గ్‌లో.

మూడోవాడు మరీ గట్టివాడు. తాను ఆడటం లేదట, పనులు పంచడం నేర్చుకుంటున్నాడట, అది లీడర్‌షిప్ అట. రెజ్యూమెలో కూడా ఎక్కిస్తాడేమోనని నా భయం. నిర్వాహకుడు మీటల వెనకున్న నాలుగు లైన్ల ప్రోగ్రాం నాయనా, వాణ్ని ఏలడం నాయకత్వమైతే లిఫ్ట్ బటన్ నొక్కేవాళ్లంతా జనరల్ మేనేజర్లే.

ఈ వాదన ఇక్కడ పుట్టడంలో వింతేమీ లేదు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగంలో చేరిన అన్నకు, ఇక్కడ రాత్రంతా మేలుకుని పని చేసిపెట్టే తమ్ముళ్లున్న ఊరిది. దానికి జాబ్ సపోర్ట్ అని పేరు, నెలకింతని రేటు. ఇంటర్వ్యూలో గొంతు ఒకరిది, కోడ్ ఇంకొకరిది, జీతం వేరొకరిది. ఆ తమ్ముడే మధ్యలో టీ తాగడానికి లేచి, ఫోన్ తీసి, తన గ్రీకు ఊరికి నిర్వాహకుణ్ని పెట్టుకుంటాడు. తానే ఒకరికి అద్దెకు పోయి, తన కోసం ఇంకొకణ్ని అద్దెకు తెచ్చుకుంటాడు. ఆ గ్రీకు ఊరి గోడ అసలెవరు కడుతున్నట్టు?

ఇది జూదమేమోనని ఇంట్లోవాళ్లు కంగారు పడనక్కర్లేదు. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు గెలుస్తామన్న ఆశతో డబ్బు కట్టే ఆటల్ని నిషేధించింది. మన దివాన్ల ఆటకు ఆ బెడద లేదు. ఇందులో కట్టడమే తప్ప తిరిగొస్తుందన్న ఆశే లేదు కనుక చట్టం ముందు కడిగిన ముత్యం.

బొమ్మ ఊరికి ఇంత రాద్ధాంతమా అంటారా? అసలు ఊళ్ల సంగతి చూశాక అనండి. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి వచ్చి కొత్తగూడకు కూతవేటు దూరంలో సైబర్ టవర్స్ ప్రారంభించారు. రెండు నెలలకే, 1999 జనవరిలో, మెకిన్సీ అనే కన్సల్టెన్సీ చేతి సాయంతో రాష్ట్ర ప్రభుత్వ విజన్ 2020 పుస్తకం బయటికొచ్చింది. అదే ఏడాది సిమ్‌సిటీ 3000 అనే కంప్యూటర్ ఆట కూడా బజారులోకొచ్చింది. అందులోనూ మేయరు కుర్చీ మీదే, చుట్టూ సలహాదారులే. కాకపోతే వాళ్లు పైసా అడిగేవాళ్లు కాదు. అంతకు ముందు 1993లో వచ్చిన సిమ్‌సిటీ 2000లోనైతే రోడ్ల నిధులకు కోత పెడితే రవాణా అధికారి గగ్గోలు పెట్టేవాడు. మన కన్సల్టెంట్ గగ్గోలు పెట్టగా ఎవరైనా విన్నారా? ఆయన ఇంకో నివేదిక రాస్తాడు, ఇంకో బిల్లు పంపుతాడు.

ఈ విద్యలో అమరావతిని మించింది లేదు. 2015 అక్టోబరు 22న ఆంధ్ర రాజధానిగా శంకుస్థాపన. ప్రణాళిక సింగపూర్ సుర్బానా జురాంగ్‌ది. భవనాలకు ముందు జపాన్ నుంచి ఫుమిహికో మాకీ, ఆయన్ని పక్కనబెట్టి లండన్ నుంచి నార్మన్ ఫోస్టర్. అదీ చాలక 2017లో బాహుబలి తీసిన రాజమౌళిని పిలిచారు. తాను కన్సల్టెంటునూ కాదు, డిజైనరునూ కాదని పాపం ఆయనే చెప్పుకోవాల్సి వచ్చింది. రాజు మారాడు. 2020 జనవరిలో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ నివేదిక ఇచ్చి, పాలనను పలుచోట్లకు పంచమంది. మూడు రాజధానుల చట్టం పుట్టింది, 2021 నవంబరులో వెనక్కిపోయింది. 2024లో మళ్లీ రాజు మారాడు, మళ్లీ అమరావతే. ఏ రాజుకు ఏది వినాలనుందో అదే చెప్పే సలహాదారు ప్రతిసారీ దొరికాడు. ముప్పై వేల పైచిలుకు ఎకరాలిచ్చిన రైతుల ప్లాట్లు కట్టడాల వరసలో ఎన్నో అంకెలో ఉన్నాయో మాత్రం ఏ నిర్వాహకుడూ ఏళ్ల తరబడి చెప్పలేదు.

బయటి బుర్ర అసలు వద్దే వద్దనడం లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ మన హైదరాబాద్‌ను ముంచేసింది. మరుసటేడు నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపమన్నాడాయన. 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. అడిగారు, విన్నారు, కట్టారు. వరద ఆపడానికని అడిగితే తాగునీళ్లు కూడా దక్కాయి. ఆ జలాశయాల ఎగువన ఇష్టం వచ్చినట్టు కట్టకూడదని 1996లో 111 జీవో ఇస్తే, 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో దాన్నీ సడలించుకున్నాం. విశ్వేశ్వరయ్య ప్రీమియం ఖాతా గడువు ముగిసింది కాబోలు.

మళ్లీ కొత్తగూడకే వద్దాం. 2023 జనవరి 1న ఇక్కడి ఫ్లైఓవర్ తెరిచారు, ఖర్చు 263 కోట్లు. పైన బండి పరుగెడుతుంది, కాదనను. దిగాక నిలబడుతుంది, అదీ కాదనలేను. బొటానికల్ గార్డెన్ దగ్గర రోడ్డు దాటాల్సిన ముసలమ్మ మాత్రం ఇప్పటికీ చెయ్యి అడ్డంపెట్టి, దేవుడి మీద భారం వేసి దాటుతోంది. వరసలో ఏడు పనులు పెట్టి పడుకున్నప్పుడు కాలిబాట ఆ ఏడింటిలో లేదన్నమాట. ఆటలో ఇలాంటి తప్పుకు శిక్ష ఉంది. నిర్వాహకుణ్ని నమ్మి నిద్రపోతే తెల్లారేసరికి ఊరు పక్కవాడిదవుతుంది. ఇక్కడ ముసలమ్మ ఇబ్బంది ముసలమ్మకే, సలహాదారు ఇంకో నగరంలో ఇంకో పవర్‌పాయింట్ తెరుస్తుంటాడు, ఏలికకేమో రిబ్బన్ కత్తిరించిన ఫొటో ఉంటుంది.

కనుక గ్రీకు రాజుల్లారా, ఈసారి గడువు ముగిశాక ఆ ఐదుగురినీ పోనివ్వండి. ఓడిపోతే మీ చేతులతోనే ఓడిపోండి. ఊరేలాలన్న ఉబలాటం అప్పటికీ తీరకపోతే, మీరు అద్దె కడుతున్న ఊరొకటుంది, దాని రోడ్డూ మురుగూ చెత్తా ఎవరు చూడాలో ఎంచుకునే హక్కు ఓటరు జాబితాకెక్కితే మీదే. బంగారం అడగరు, వేలికి సిరా చుక్క చాలు. 2020 డిసెంబరు 1న జీహెచ్ఎంసీ ఎన్నికలు జరిగాయి. సెలవు కూడా ఇచ్చారు. ఓటేసినవాళ్లు నూటికి 47 మంది కూడా లేరు.